గోత్రం అడిగితే పిల్లలేం చెప్పాలి?

డాలస్‌లోనైనా మెల్‌బోర్న్‌లోనైనా గుళ్ళో అర్చనకు నిలబడితే పూజారిగారు గోత్రం, నక్షత్రం, పేరు అడుగుతారు. చిన్నప్పుడు పిల్లలు మనం అందించింది పలికేస్తారు. కాస్త ఊహ తెలిశాక "ఆ ఋషి మనకేమవుతాడు?" అని నిలదీస్తారు. "అలా అడక్కూడదు" అంటే అక్కడితో సరి, మళ్ళీ అడగరు.

ఋగ్వేదంలో గోత్రమంటే ఆవుల దొడ్డి. వ్యాకరణం రాసిన పాణిని నాటికి అది వంశానికి పేరైంది: మనవడి తరం నుంచి కిందికి సంతానమంతా గోత్రమని ఆయన సూత్రం. భారద్వాజ గోత్రంవాళ్ళ ప్రవరలో, అంటే వంశ ఋషుల పేర్లు చెప్పుకునే వరుసలో, ఆంగీరస, బార్హస్పత్య, భారద్వాజ అని ముగ్గురు ఋషులు వినిపిస్తారు. "భారద్వాజస గోత్రం" అని రాస్తుంటారు గానీ ఆ 'స' ఋషి పేరులోది కాదు, 'సగోత్ర' (అదే గోత్రంవాడు) అన్న మాటలోది. ఫారంలో భారద్వాజ అంటే చాలు.

అందరికీ ఋషిగోత్రాలు ఉండవు. ఇంటిపేరు చూసే సంబంధాలు కలుపుకునేవాళ్ళూ ఉన్నారు. గోత్రం తెలియనివాళ్ళకు కాశ్యప గోత్రం చెప్పడం ఆనవాయితీ. అర్చన వరకు పర్వాలేదు, దాన్నే సొంత గోత్రమని పిల్లలకు రాసిస్తే మాత్రం తర్వాతి తరం అదే నిజమనుకుంటుంది.

నన్నడిగితే పిల్లలకు ముందు ఇంటిపేరు గురించి చెప్పండి. ఋషి మ్యాపులో దొరకడు, ఊరు దొరుకుతుంది. ఊరు 'ఊరి' అయినట్టే కందుకూరు కందుకూరి అయింది, గరికపాడు గరికపాటి అయింది. అయితే కందుకూరు ప్రకాశం-నెల్లూరు వైపు ఒకటుంది, రంగారెడ్డి జిల్లాలో ఇంకొకటుంది. మీది ఏదన్నది పెద్దవాళ్ళే తేల్చాలి. ఇంటిపేర్లన్నీ ఊళ్ళ నుంచే రాలేదు కూడా, కరణం లాంటివి చేసిన పనిని బట్టి వచ్చాయి.

పాస్‌పోర్టులో ఇంటిపేరును పొడి అక్షరంగా వదిలెయ్యకండి, దాని గడి ఖాళీగానూ ఉంచకండి. ఒక గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో పేరంతా ఇంటిపేరు గడిలోకి పోయి, అసలు పేరుండాల్సిన చోట 'ఎఫ్‌ఎన్‌యూ' (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, పేరు తెలియదు) అని పడుతుంది. బడిలో పిల్లాణ్ణి ఆ మూడక్షరాలతోనే పిలిచినా ఆశ్చర్యం లేదు.

వంశవృక్షం రాయాలనుకుంటే ఇంట్లో తద్దినాలు పెట్టేవాళ్ళకు ముందు ఫోన్ చెయ్యండి. తండ్రి, తాత, ముత్తాత పేర్లు తర్పణాల్లో చెబుతారు కాబట్టి వాళ్ళ నోటికి వచ్చి ఉంటాయి. పిలుపు పేరు, కాగితాల్లో పేరు వేర్వేరుగా అడగండి, లేకపోతే 'బుజ్జి తాతయ్య' ఒక్కడే ఇద్దరైపోతాడు. నానమ్మల, అమ్మమ్మల పుట్టింటి పేర్లూ అప్పుడే రాసుకోండి. ముందు మరుగున పడేవి అవే.