పెద్దమ్మ బాల్కనీలో పక్కకి జరిగిన తుప్పు

పెద్దమ్మ వాళ్లది విశాఖ లాసన్స్ బే కాలనీలో ఫ్లాట్. రెండేళ్ల కిందట బాల్కనీ స్లాబ్ పెచ్చులూడితే మేస్త్రీ వచ్చి చువ్వలు గీకి, మందు పూసి, సిమెంటు కొట్టి వెళ్లాడు. మొన్న సెలవులకి వెళ్లి చూస్తే ఆ అతుకు రాయిలా ఉంది. జానెడు అవతల మాత్రం కొత్త పగుళ్లు.

"మోసం చేశాడ్రా."

"లేదు పెద్దమ్మా, పని బాగా చేశాడు కాబట్టే ఇలా అయింది" అంటే నా వంక అదోలా చూసింది.

తుప్పంటే చువ్వలో చిన్న బ్యాటరీ నడవడమే. ఉప్పు చేరినచోట ఇనుము కరిగి ఎలక్ట్రాన్లు వదులుతుంది, పక్క భాగం వాటిని వాడుకుని బతికిపోతుంది. కుళ్లిన ఆ ముక్కే ఇన్నాళ్లూ పక్కవాటిని కాసింది. దాన్ని బాగుచేశాక వాటి వంతు వచ్చింది. ఉప్పెక్కిన కాంక్రీటంతా కొట్టేద్దామంటే సగం స్లాబ్ పోతుంది.

అలా కొట్టకుండా తుప్పు ఆపడమే గల్ఫ్‌లో నా ఉద్యోగం. సముద్రపు నీళ్లు తోడే పంప్‌హౌస్ గోడల మీద టైటానియం జాలీ పరిచి, పైన మోర్టార్ వేసి, జాలీకి ప్లస్, చువ్వలకి మైనస్ ఇస్తాం. బయటి నుంచి ఎలక్ట్రాన్లు అందుతుంటే ఇనుము కరగాల్సిన పనుండదు. చదరపు మీటరు ఇనుముకి 10 నుంచి 20 మిల్లీ ఆంపియర్లు చాలు. పాత ఫోన్ ఛార్జర్ ఇచ్చే 1 ఆంపియర్‌తో కనీసం 50 చదరపు మీటర్లు కాయొచ్చు. 1973లో కాలిఫోర్నియాలో స్ట్రాట్‌ఫుల్ అనే ఇంజనీరు స్లై పార్క్ రోడ్డు వంతెన మీద ఇదే పని చేసినప్పుడు జాలీ లేదు, కోక్ అనే బొగ్గు పొడి కలిపిన తారు పరిచాడు.

టెన్షనంతా వైర్ల దగ్గరే. చేరిన కొత్తలో ఒక సైట్లో కాస్త కరెంటు పెట్టగానే మైనస్ వైపు పోవాల్సిన చువ్వల వోల్టేజి రీడింగ్ ప్లస్ వైపు కదిలింది. ఫోర్‌మన్ ఎగిరొచ్చి స్విచ్ ఆపాడు. వైర్లు తారుమారయ్యాయి. అలాగే వదిలేసి ఉంటే చువ్వల్ని మేమే కరిగించేవాళ్లం.

"మన బాల్కనీకీ పెట్టరాదూ?" అంది పెద్దమ్మ. ఒక్క బాల్కనీకి కరెంటు ఇచ్చే ప్యానెల్, దాని రీడింగులు చూడ్డానికి ఓ మనిషి... దండగ. పైగా అపార్ట్‌మెంట్లో ఎవరో ఒకరు బిల్లు చూసి స్విచ్ కట్టేస్తారు. అందుకని ఈసారి అతుకు అంచుల్లో చువ్వలకి జింకు బిళ్లలు కట్టించమన్నాను. ఇనుముకి బదులు అవి కరుగుతాయి. తుప్పుని పూర్తిగా ఆపవు గానీ అతుకు చుట్టూ కొన్నేళ్లు కాస్తాయి.

సుత్తితో తట్టి, డొల్లగా మోగిన చోటల్లా సుద్దతో గీశాను. ఆ గీతల కిందున్న పడక్కుర్చీని పెద్దనాన్న గొణుక్కుంటూ గుమ్మం వైపు లాక్కున్నారు.