వర్జీనియాలో ఏప్రిల్: ఇళ్లు తక్కువ, తోటలు ఎక్కువ

అమెరికాలో వర్జీనియా పాత రాజధాని విలియమ్స్‌బర్గ్ వెళ్తే ఏప్రిల్ మూడో వారం దాటాకే వెళ్దామని నేను మొదటినుంచీ పట్టుబట్టాను. మార్చి చివర్లో స్ప్రింగ్ బ్రేక్ జనం, పైగా పొద్దున్నపూట చలి. జూన్ దాటిందంటే అక్కడి ఉక్కపోత కోస్తాలో పుట్టిపెరిగిన వాళ్లకి కూడా ఎక్కువే. ఏప్రిల్ చివరికైతే డాగ్‌వుడ్ చెట్లు తెల్లగా విరగబూసి ఉంటాయి, ట్యులిప్స్ ఇంకా కొన్ని మిగిలే ఉంటాయి, అజేలియాలు అందుకుంటాయి. అన్నిటికీ మించి వర్జీనియా గార్డెన్ వీక్ అప్పుడే వస్తుంది. ఒంగోలు నుంచి వచ్చిన మా అమ్మానాన్నలు మా దగ్గరే ఉన్నారు. న్యూయార్క్, నయాగరా అయిపోయాయి. అమ్మకి మొక్కలంటే ప్రాణం, నాన్నకి చరిత్రంటే ఇష్టం. ఇద్దరికీ సరిపోయే చోటు ఇంతకంటే ఏముంటుంది?

ఈ గార్డెన్ వీక్ సంగతి చాలామంది మనవాళ్లకి తెలియదు. 1927లో, అమెరికా మూడో అధ్యక్షుడు జెఫర్సన్ తన ఇల్లు మాంటిచెల్లోలో నాటిన చెట్లని కాపాడటానికి ఒక పూల ప్రదర్శన పెట్టి డబ్బు పోగుచేశారు. ఆ ఆలోచనే పెరిగి 1929 నుంచి ఏటా జరిగే పండగలా మారింది. మామూలప్పుడు గేటు కూడా తెరవని సొంత ఇళ్లు, వాటి తోటలు ఆ వారంలో జనానికి తెరుస్తారు. ఒక్కో ఊరికి ఒక్కో రోజు, టికెట్ కూడా వేరేవేరే. అందుకే మనకి సెలవు దొరికిన రోజున ఏ ఊరు వంతో ముందు చూసుకుని, ఆ తర్వాతే హోటల్ బుక్ చేసుకోవాలి. మా ఆయన హోటల్‌తో మొదలుపెట్టబోతే ఆపాను.

మాంటిచెల్లోని మాత్రం లిస్టులోంచి తీసేశాం. జెఫర్సన్ కూరగాయల తోట చూడాలని అమ్మకి ఆశే. కొండవాలుని బానిసల చేత తవ్వించి చదును చేయించిన వెయ్యి అడుగుల పొడవైన మడి అది. కానీ విలియమ్స్‌బర్గ్ నుంచి రెండు గంటల దూరం. పెద్దవాళ్లని పెట్టుకుని అటూ ఇటూ పరుగులు తీస్తే ఏదీ చూసినట్టు ఉండదు. జేమ్స్‌టౌన్, విలియమ్స్‌బర్గ్, యార్క్‌టౌన్ మూడూ కలిపి కలోనియల్ పార్క్‌వే అని 23 మైళ్ల రోడ్డు ఉంది. దాని మీద లారీలుండవు, హోర్డింగులుండవు, మధ్యలో గీత కూడా ఉండదు. మా ట్రిప్పంతా ఆ రోడ్డు చుట్టూనే. దాని మీద పెట్రోలు బంకు కూడా ఉండదు కాబట్టి ముందే నింపుకోండి.

విలియమ్స్‌బర్గ్ 1699 నుంచి 1780 వరకు వర్జీనియాకి రాజధాని. తర్వాత రాజధాని రిచ్‌మండ్‌కి వెళ్లిపోయింది, ఊరు నిద్రలోకి జారుకుంది. 1926లో గుడ్విన్ అనే పాస్టరు, డబ్బున్న రాక్‌ఫెల్లర్ జూనియర్‌ని ఒప్పించి దాన్ని మళ్లీ నిలబెట్టడం మొదలుపెట్టాడు. ఇక్కడొక విషయం ముందే తెలిస్తే మంచిది: మెయిన్ వీధిలో నడవటానికి టికెట్ అక్కర్లేదు. ఇళ్ల మధ్య సందుల్లోంచి వెనక్కి వెళ్తే చిన్నచిన్న తోటలు చాలా తగులుతాయి, జనం కూడా అక్కడ పలచగా ఉంటారు. గవర్నర్ ప్యాలెస్, క్యాపిటల్ అనే శాసనసభ భవనం, కమ్మరి కొట్టంలాంటి వాటి లోపలికి వెళ్లాలంటేనే టికెట్. మేం తీసుకున్నాం, కానీ గైడుతో లోపల తిరిగే టూర్లు తగ్గించుకున్నాం. ఒక గదిలో ఇరవైమంది నిలబడి తుపాకుల అలంకరణ చూడటం కంటే బయట తిరగటం నయమనిపించింది.

అమ్మ అయితే కూరగాయల తోట దగ్గర అతుక్కుపోయింది. పాతకాలం బట్టల్లో ఉన్న తోటమాలి లెట్యూస్ మొక్కల మీద గాజు గంటలు బోర్లించి పెట్టాడు. లోపలంతా ఆవిరి పట్టి, చుక్కలు అంచువెంట జారుతున్నాయి. ఎండెక్కగానే ఒక్కో గంటనీ ఓ పక్క కొంచెం ఎత్తి, కింద చిన్న పుల్ల ఆనిస్తూ వెళ్తున్నాడు, లేకపోతే లోపల మొక్క ఉడికిపోతుందట. బఠాణీ పాదులకి ఎండుకొమ్మలు గుచ్చి ఉంటే, "మనం చిక్కుడుకి కంప వెయ్యమూ, అంతేగా" అంది అమ్మ. ఇంక వాళ్లిద్దరూ నా అనువాదంతోనే అరగంట మాట్లాడుకున్నారు.

ప్యాలెస్ వెనక తోటలు ఫొటోల్లో కనిపించేవి: కొలిచి కత్తిరించిన బాక్స్‌వుడ్ కంచెలు, వాటి మధ్య ట్యులిప్స్, చివర గుట్ట. గుట్ట కింద పాతకాలం మంచుగడ్డల గది. గుట్టెక్కితే ఇంగ్లండ్‌లోని హాంప్టన్ కోర్ట్ నమూనాలో వేసిన చిక్కుదారి మొత్తం కిందికి కనిపిస్తుంది. ఎండ పడ్డ బాక్స్‌వుడ్ వాసన మాత్రం అందరికీ పడదు, పిల్లి పాడుచేసిన మూలలాగా ఉంటుంది. "ఇదంతా అప్పటిదేనా?" అని నాన్న అడిగారు. కాదు. అసలు ప్యాలెస్ 1781లోనే కాలిపోయింది. పునాదులు తవ్వి, జెఫర్సన్ గీసుకున్న కొలతల ప్లాను, ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ లైబ్రరీలో 1929లో దొరికిన ఒక రాగి రేకు మీది బొమ్మ చూసుకుంటూ మళ్లీ కట్టి, 1934లో తెరిచారు. తోటలు ఆర్థర్ షర్‌క్లిఫ్ అనే తోటల డిజైనర్ వేసినవి. అందులో 18వ శతాబ్దం ఎంత, 1930ల అభిరుచి ఎంత అని ఇప్పటికీ వాదనలున్నాయి. నాకైతే అంత నున్నగా కత్తిరించిన తోటని చూస్తే రెండోదే ఎక్కువనిపించింది. అయినా అందం అందమే.

ఒకటి మాత్రం దాటేసి రావొద్దు. అమెరికా స్వాతంత్ర్య విప్లవం నాటికి ఈ ఊళ్లో సగానికి పైగా నల్లజాతి వాళ్లే, వాళ్లలో దాదాపు అందరూ బానిసలే. నల్లజాతి పిల్లలకి చదువు చెప్పిన బ్రే స్కూల్ భవనాన్ని ఈమధ్యే గుర్తుపట్టి, 2023లో ఉన్నదున్నట్టు ట్రక్కు మీద ఇక్కడికి తరలించారు. పూలు చూసిన కళ్లతోనే అదీ చూడండి.

జేమ్స్‌టౌన్ పేరుతో రెండున్నాయి. ఒకటి 1607లో ఇంగ్లిష్ వాళ్లు దిగిన అసలు చోటు, తవ్వకాలు ఇంకా జరుగుతున్నాయి. రెండోది ఓడల నమూనాలతో ఉన్న మ్యూజియం. పిల్లలుంటే రెండోది, పెద్దవాళ్లకి మొదటిది. 1612 ప్రాంతంలో జాన్ రోల్ఫ్ అనే ఇంగ్లిష్ వలసదారు పొగాకు వేసి ఈ కాలనీని ఎలా నిలబెట్టాడో అక్కడ రాసుంది. మా నాన్న సగం జీవితం వర్జీనియా పొగాకు, ఆకు కాల్చే బ్యారన్లు, వేలం రేట్లతోనే గడిచింది. బోర్డు మొత్తం చదివించుకుని, "విత్తనం వీళ్లది, అప్పులు మనవి" అనేసి నది వైపు నడిచారు.

అక్కణ్నుంచి జేమ్స్ నది దాటించే ఫెర్రీ ఉంది, కారుతో సహా ఉచితం, పావుగంట. అటు దిగితే 1665లో కట్టిన ఇటుక ఇల్లు బేకన్స్ క్యాజిల్. అక్కడ 17వ శతాబ్దపు తోట తవ్వకాల్లో బయటపడితే, ఆ గీతల మీదే మళ్లీ మడులు వేశారు. ప్యాలెస్ తోటతో పోలిస్తే బోడిగా ఉంటుంది కానీ, నాకు ఇదే ఎక్కువ నచ్చింది.

యార్క్‌టౌన్‌లో గంటకంటే ఎక్కువ లేం. మట్టిగోడలు, ఫిరంగులు, పచ్చిక. 1781 అక్టోబరులో బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్ ఇక్కడ అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో ఓడి, ఒంట్లో బాగాలేదని చెప్పి లొంగిపోవటానికి తన బదులు ఇంకొకణ్ని పంపాడు. అదే మనిషి 1786లో గవర్నర్ జనరల్‌గా మన దగ్గరికొచ్చి, 1792లో టిప్పు కొడుకులిద్దర్ని బందీలుగా తీసుకున్నాడు. ఇక్కడ పోయిన పరువు అక్కడ వసూలు చేసుకున్నట్టున్నాడు అని నాన్న తేల్చేశారు.

వెళ్లేవాళ్లకి రెండు మాటలు. అప్పుడు పైన్, ఓక్ పుప్పొడి కారు మీద పసుపు చల్లినట్టు పడుతుంది, ఎలర్జీ ఉంటే మాత్రలు పెట్టుకోండి. ఆదివారం మధ్యాహ్నం ఐ-95 హైవే ఎక్కి ఉత్తరానికి వస్తే ఫ్రెడెరిక్స్‌బర్గ్ దగ్గర ఇరుక్కుపోతారు, పొద్దున్నే బయల్దేరండి లేదా సోమవారం కూడా సెలవు పెట్టేయండి.