రంగుటద్దాలలో నిజాం దస్తారు

లండన్‌లో మాకు మిగిలిన చివరి ఉదయాన్ని నేను వెస్ట్‌మినిస్టర్ ఆబేకి కేటాయించుకున్నాను. రాజుల పట్టాభిషేకాలు జరిగే ఆ ప్రార్థనాలయంలో నేను ప్రధానంగా చూడదలచుకున్నది సింహాసనాన్నో సమాధులనో కాదు. తూర్పు కొసన ఏడవ హెన్రీ కట్టించిన లేడీ చాపెల్ చివర ఉన్న ఒక రంగుటద్దాల కిటికీని. 1940 జూలై 10 నుంచి అక్టోబరు 31 వరకు జర్మన్ విమానాలతో ఇంగ్లండ్ ఆకాశంలో సాగిన బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్‌లో ప్రాణాలర్పించిన వైమానికుల స్మారకం అది. హ్యూ ఈస్టన్ రూపొందించిన ఆ కిటికీని 1947 జూలై 10న ఆరవ జార్జి రాజు ఆవిష్కరించాడు.

తూర్పు గోడ కావడంతో ఉదయపు వెలుగు నేరుగా గాజులోంచి దిగుతోంది. కిటికీలోని దృశ్యాలలో యూనిఫాం ధరించిన వైమానికులు మోకరిల్లి ఉన్నారు: ఒకచోట బాలయేసు, ఒకచోట శిలువ, మరొకచోట పునరుత్థానం. వాటన్నిటిలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది, చనిపోయిన కుమారుణ్ణి ఒడిలో పెట్టుకున్న మేరీమాత దృశ్యం. కొడుకులను, భర్తలను పోగొట్టుకున్న స్త్రీల దుఃఖానికి అది ప్రతీక. అది అర్థం కావడానికి క్రైస్తవ సంప్రదాయంతో పరిచయం కూడా అవసరం లేదనిపించింది.

ఆ యుద్ధంలో పాల్గొన్న అరవైకి పైగా ఫైటర్ స్క్వాడ్రన్ల, అంటే శత్రువిమానాలతో తలపడే వైమానిక దళాల చిహ్నాలు ఈ కిటికీలో ఉన్నాయి. నేను వెంట తెచ్చుకున్న చిన్న దుర్భిణితో వెతికింది వాటిలో ఒకదాని కోసం. 152వ స్క్వాడ్రన్ పేరు ‘హైదరాబాద్ స్క్వాడ్రన్’. నిజాం సంస్థానం విమానాల కోసం ఇచ్చిన విరాళానికి గుర్తుగా ఆ పేరు వచ్చింది. చిహ్నంలో ఉన్నది నిజాం తలపాగా, అంటే మన హైదరాబాదీ దస్తారు. దాని కింది నినాదం ‘విశ్వాసపాత్రుడైన మిత్రుడు’. బ్రిటిష్ ప్రభుత్వం నిజాంకు ఇచ్చిన బిరుదు నుంచే ఆ మాట వచ్చింది. దక్షిణ తీరాన వార్మ్‌వెల్ నుంచి స్పిట్‌ఫైర్ విమానాలు నడిపిన ఆ స్క్వాడ్రన్‌తో పాటు, కెన్లీ నుంచి హరికేన్ విమానాలతో పోరాడిన 253వ స్క్వాడ్రన్ కూడా ‘హైదరాబాద్ స్టేట్’ పేరునే మోసింది. దాని చిహ్నంలో భారతీయ యుద్ధగొడ్డలి పట్టిన చేయి ఉంటుంది.

దస్తారు కనిపించిన క్షణాన నాకు కలిగినది కేవలం గర్వమని చెప్పలేను. మాది నల్లగొండ జిల్లా. అదే యుద్ధకాలంలో గాదె ఊడ్చి లెవీ ధాన్యం కొలవవలసి వచ్చిన రోజుల గురించి మా తాతగారు చెప్పగా విన్నవాణ్ణి. సంస్థానపు ఖజానాకు అటువంటి రైతులు కట్టిన శిస్తే ఆధారం కనుక, ఆ విమానాలలో వారి చెమట కూడా ఉందని నా నమ్మకం. అయినా వాటిని నడుపుతూ కూలిపోయిన యువకుల మీద నాకున్న గౌరవం అందువల్ల ఇసుమంతైనా తగ్గదు.

చాపెల్‌లోని స్మారక గ్రంథంలో 1,497 పేర్లున్నాయి. వారిలో ఫైటర్ విమానాల విభాగమైన ఫైటర్ కమాండ్‌కు చెందినవారు 449 మంది కాగా, బాంబులు వేసే విమానాల విభాగమైన బాంబర్ కమాండ్ వారు 732 మంది. పోరాటమంతా ఫైటర్ పైలట్లదే అనుకుంటూ వచ్చిన నాకు ఈ లెక్క కొత్త. ఫైటర్ కమాండ్‌ను నడిపించిన డౌడింగ్ చితాభస్మం కూడా ఇక్కడే ఉంది. 1940లో బాంబు పేలి గోడ రాతిలో పడిన రంధ్రాన్ని పూడ్చకుండా, దాని మీద గాజు బిగించి అలాగే ఉంచారు. శిల్పుల చేతి పనికి అంత దగ్గరగా ఆ గాయాన్ని కూడా నిలుపుకోవాలనుకున్నవారి నిర్ణయం నాకు ఎంతో నచ్చింది.

ఆబేలో గంటకొకసారి జరిగే చిన్న ప్రార్థన మొదలైంది. సందర్శకులందరూ ఎక్కడివారక్కడ నిలిచిపోయారు. నేను తల వంచుకోలేదు. ఆ నిమిషమంతా దస్తారునే చూస్తూ నిలబడ్డాను.