మౌజల్‌లో ఇళ్లున్నాయి, ఊరివాళ్లేరీ?

ఇంగ్లండ్ నైరుతి కొసన, కార్న్‌వాల్‌లో మౌజల్ అని ఒక జాలరి ఊరుంది. నవంబరులో నేనూ మా ఆవిడా బ్రిస్టల్ నుంచి రైల్లో పెంజాన్స్‌కి, అక్కణ్ణుంచి బస్సులో ఆ ఊరికి వెళ్లాం. వేసవి జనం లేనప్పుడు ఊరు ఎలా ఉంటుందో చూడాలని.

రేవు చిన్నది. ఆటు వేళ నీళ్లన్నీ తీసి పడవలు ఇసుకలో ఒరిగిపోతాయి. చలికాలం అలలు లోపలికి రాకుండా రేవు నోటికి అడ్డంగా కర్రదూలాలు దించుతారు. చుట్టూ గ్రానైటు ఇళ్లు, కారు దూరని సందులు. అందానికి వంక పెట్టలేం.

సాయంత్రం అయిదింటికే చీకటి. మా సందులో దీపం వెలిగిన ఇళ్లు మూడో నాలుగో. తక్కిన గుమ్మాల పక్కన గోడకి అంకెల మీటలున్న చిన్న పెట్టె. సెలవులకి అద్దెకొచ్చేవాళ్ల కోసం తాళంచెవి అందులో పెడతారు. ఒక పెట్టె మీద ఉప్పుగాలికి తుప్పు పట్టి అంకెలే కనపడలేదు. రాతిగోడలకి తేమ ఎక్కువ. మేం దిగిన గదిలో తేమ లాగే మిషన్ రాత్రంతా నడిచింది, తెల్లారేసరికి దాని డబ్బా సగం నిండింది. మనుషులుండి రోజూ వేడి పెట్టుకుంటేనే ఇలా ఉంటే, నెలల తరబడి మూసేసిన ఇళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

పెంజాన్స్‌లో ఇళ్ల ఏజెంటు అద్దాల మీద చూశాం, మౌజల్‌లో రెండు పడగ్గదుల ఇల్లు నాలుగు లక్షల పౌండ్ల పైనే. 2025 ఏప్రిల్‌లో కనీస వేతనం గంటకి 12.21 పౌండ్లు చేశారు. ఆ లెక్కన వారానికి 37.5 గంటలు ఏడాదంతా పనిచేసినా 24 వేల లోపే వచ్చేది. బ్యాంకు మామూలుగా దానికి నాలుగున్నర రెట్లు అప్పిస్తుంది. భార్యాభర్తలిద్దరూ సంపాదించినా రెండు లక్షల పై చిల్లర. సగం ఇల్లు ఎవరు అమ్ముతారు?

బస్టాపులో ఒక పెద్దావిడ మాట కలిపారు. పుట్టింది పెరిగింది ఇక్కడేనట. మనవరాలు ఇక్కడి కేఫ్‌లోనే పనిచేస్తుంది, ఉండేది మాత్రం పెంజాన్స్‌లో. ఇక్కడ ఆ పిల్ల అద్దెకున్న ఇంటి యజమాని రెండు నెలల నోటీసిచ్చి ఖాళీ చేయించి, దాన్ని హాలిడే ఇల్లుగా మార్చాడట. ఆవిడ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. నాకే కోపం వచ్చింది.

పక్క ఊరు న్యూలిన్ వెళ్లే దారిలో పాత లైఫ్‌బోటు స్టేషన్ ఉంది, సముద్రంలో ఆపదలో చిక్కినవాళ్లని కాపాడే పడవ ఉండేచోటు. 1981 డిసెంబరు 19 రాత్రి తుపానులో చిక్కిన ఓడవాళ్లని కాపాడ్డానికి ఈ ఊరి మగవాళ్లు ఎనిమిది మంది ఇక్కణ్ణుంచే బయల్దేరారు. ఒక్కరూ తిరిగి రాలేదు. ఓడలోని ఎనిమిది మందీ దక్కలేదు. అయినా ఒక్కరోజులోనే కొత్త సిబ్బందికి సరిపడా మంది మేమొస్తామని ముందుకొచ్చారు. ఈ సిబ్బంది వలంటీర్లే, పిలుపందిన నిమిషాల్లో పడవ దగ్గరుండాలి. అలా ఉండాలంటే పక్కనే కాపురం ఉండాలి కదా.

ప్రయత్నాలు జరగట్లేదని కాదు. పక్కనున్న సెయింట్ ఐవ్స్‌లో 2016లో ఓటు పెట్టి, కొత్తగా కట్టే ఇళ్లు శాశ్వతంగా ఉండేవాళ్లకే అని తేల్చారు. పాత ఇళ్లకి అది వర్తించదు. 2025 ఏప్రిల్ నుంచి కార్న్‌వాల్‌లో రెండో ఇంటికి కౌన్సిల్ టాక్స్, అంటే స్థానిక కౌన్సిల్‌కి కట్టే ఇంటి పన్ను, రెట్టింపు చేశారు. దానికీ తప్పించుకునే దారుంది. ఏడాదిలో 140 రోజులు అద్దెకి సిద్ధంగా ఉంచి, 70 రోజులు అద్దెకిస్తే ఆ ఇల్లు కౌన్సిల్ టాక్స్ నుంచి వ్యాపార పన్ను లెక్కలోకి పోతుంది. చిన్న వ్యాపారాల రాయితీతో చాలామందికి పన్నే పడదు. ముందు ఆ రాయితీ తీసెయ్యాలి. కేఫ్‌లో పనిచేసే పిల్ల తన అద్దె ఇంటికి కౌన్సిల్ టాక్స్ కడుతోంది మరి.