బాటిల్ మంచం దగ్గరుంటేనే చేతులు శుభ్రం

చేతులు ఎప్పుడు శుభ్రం చేసుకోవాలని వార్డులో ఏ సిస్టర్‌ని అడిగినా తడుముకోకుండా చెబుతుంది. రోగిని ముట్టుకునే ముందు, క్యాన్యులా (మందులెక్కించే సన్నని గొట్టం) పెట్టడం, డ్రెస్సింగ్ లాంటి పనికి ముందు, రక్తమో మూత్రమో తగిలే పని అయ్యాక, రోగిని ముట్టుకున్నాక, అతని మంచమో బల్లో తాకాక. డబ్ల్యూహెచ్‌ఓ 2009 మార్గదర్శకాల్లోని ఈ ఐదు సందర్భాలూ గోడ మీద చార్టులోనూ ఉంటాయి. అయినా జరగడం లేదంటే మళ్లీ క్లాసు పెడతారు. తెలియక కాదు, వీలు లేక మానేస్తున్నారని నా గట్టి నమ్మకం.

ముప్ఫై మంచాల వార్డుకి ఓ మూల ఒకటే వాష్‌బేసిన్. సబ్బుతో సరిగా కడగడానికి 40 నుంచి 60 సెకన్లు కావాలి. పొద్దున ఇంజెక్షన్ల వేళ రోగికి ఒక్కసారే కడుక్కున్నా దాదాపు అరగంట కుళాయి దగ్గరే పోతుంది, నడక వేరే. మార్కాపురం, కనిగిరి వైపు ఎండాకాలం నీళ్లకే కటకట. ఉప్పునీళ్లయితే సబ్బు నురగ రాదు, చేతులు పగులుతాయి. అలాంటి చోట సిస్టర్లను కసిరి లాభం లేదు.

చేతులకు రాసుకునే శానిటైజర్, అంటే ఆల్కహాల్ హ్యాండ్ రబ్‌కి 20 నుంచి 30 సెకన్లు చాలు, నీళ్లు అక్కర్లేదు. జెనీవా యూనివర్సిటీ ఆసుపత్రుల్లో ప్రతి మంచం దగ్గరా హ్యాండ్ రబ్ అందేలా పెట్టి, పోస్టర్లు, కొలతల ఫలితాలు సిబ్బంది ముందుంచాక, 1994లో అవసరమైన సందర్భాల్లో 48 శాతం ఉన్న చేతుల శుభ్రత 1997కల్లా 66 శాతానికి చేరింది. ఆసుపత్రిలో సోకే ఇన్‌ఫెక్షన్లు కూడా తగ్గాయి. మన దగ్గర అదే బాటిల్ చాలాచోట్ల బీరువాలో ఉంటుంది. నెల మధ్యలో అయిపోతే మళ్లీ రాదేమోనన్న భయంతో తాళం వేస్తారు. కాబట్టి మొదట సరిచేయాల్సింది ఇండెంటు, అంటే స్టోరుకి పంపే సరుకుల జాబితా. వెయ్యి రోగి-దినాలకు (ఒక రోగి ఒక రోజు ఉంటే ఒక రోగి-దినం) కనీసం 20 లీటర్లు అన్నది డబ్ల్యూహెచ్‌ఓ సూచించే లెక్క. ముప్ఫై మంచాలూ నిండి ఉంటే నెలకు 900 రోగి-దినాలు, అంటే 18 లీటర్లు, 36 అరలీటరు బాటిళ్లు. మీ వార్డు ఇండెంటు పక్కన పెట్టి చూడండి.

ఒకసారికి అరచేతి గుంట నిండా, దాదాపు 3 మి.లీ. పడాలి. పంపు ఒక్కసారి నొక్కితే చాలామటుకు అంత రాదు, రెండు మూడుసార్లు నొక్కాలి. తక్కువ పోసుకుంటే వేళ్ల కొనలు, బొటనవేళ్లు తడవకముందే ఆరిపోతుంది. ఎక్కువగా వదిలేసేవీ అవే, రోగిని ముందు తాకేవీ అవే. చేతికి రక్తం, మలం కనిపించేలా అంటితే మాత్రం సబ్బూ నీళ్లే. విరేచనాల రోగి దగ్గరా అంతే, కొన్ని క్రిముల బీజాలు ఆల్కహాల్‌కి చావవు. సబ్బుతో కడిగిన వెంటనే తడి చేతులకు రబ్ రాస్తే మంట, పైగా మందు పలచబడుతుంది. గ్లిజరిన్ కలిసిన రబ్ తెప్పిస్తే పగుళ్లు తగ్గుతాయి.

గ్లౌజులతో ఇంకో చిక్కు. ఒకే జతతో నాలుగు మంచాలు తిరిగితే కాపాడేది వేసుకున్నవాళ్లనే, రోగులను కాదు. రోగి మారగానే తీసేయాలి, తీశాక చేతులు శుభ్రం చేసుకోవాలి.

ప్రోత్సాహం అంటే పొగడ్త కాదు, లెక్క చూపించడం. వారానికి రెండుసార్లు, ఇరవై నిమిషాల చొప్పున గమనించి, శుభ్రం చేసుకోవాల్సిన సందర్భాలెన్ని, చేసుకున్నవెన్ని రాయండి. పేర్లు వద్దు. డాక్టర్లు, సిస్టర్లు, వార్డు సిబ్బంది అని విడిగా శాతాలు వార్డులోనే అతికించండి. డాక్టర్ల శాతం తక్కువ రావడం మామూలే, అదీ దాచకూడదు. రౌండ్స్‌లో పెద్ద డాక్టరు మంచం మంచానికీ రబ్ రాసుకుంటే వెనకున్న హౌస్ సర్జన్లు చెప్పకుండానే రాసుకుంటారు. ‘కాయకల్ప’ (సర్కారు ఆసుపత్రుల శుభ్రతకిచ్చే అవార్డు పథకం) తనిఖీ వారంలో మాత్రమే లెక్క పెడితే ఆ అంకె దేనికీ పనికిరాదు.

శిక్షణలో చాలామంది మరిచేది రోగి బంధువులను. మన సర్కారు వార్డుల్లో మూత్రం బ్యాగు ఖాళీ చేసేది తరచూ వాళ్లే. వాళ్లకి ఓపిగ్గా చూపించాలి: ‘అమ్మా, బ్యాగు ఎప్పుడూ మంచం కిందికే వేలాడాలి, పైకెత్తొద్దు, నేలకి తగలనివ్వొద్దు. ఖాళీ చేసేటప్పుడు గొట్టం కొన జగ్గుకి తగలకూడదు. ముందూ తర్వాతా చేతులు కడుక్కో.’ ఒక్కో రోగికి ఒక్కో జగ్గు. వార్డంతటికీ ఒకే జగ్గు తిరిగితే ఒక మంచం క్రిమి సాయంత్రానికి అన్ని మంచాలకీ చేరుతుంది.