పెద్దమ్మ పొట్టలోని నీరు, ఇంటర్‌ఫెరాన్ సంగతి

మహారాణిపేటలో ఉండే మా పెద్దమ్మ పొట్ట ఉబ్బరాన్ని గ్యాస్ అనుకుని నెలల తరబడి వాము నమిలింది; చీర కుచ్చిళ్లు నిలవనంతగా నీరు చేరాక గాని అది అండాశయ క్యాన్సర్ అని తేలలేదు. అప్పటి నుంచి చదువుతున్నవాటిలో నన్ను బాగా ఆకట్టుకున్నది మన ఒంట్లోని కణాలే తయారుచేసే ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీన్. 1957లో ఐజాక్స్, లిండెన్‌మాన్ అనే శాస్త్రవేత్తలు దీన్ని వైరస్‌ను అడ్డుకునే పదార్థంగా గుర్తించారు. తర్వాత బయటపడిన గామా రకాన్ని రోగనిరోధక వ్యవస్థలోని టి కణాలు విడుదల చేస్తాయి. అది క్యాన్సర్ కణం పైపొర మీది గ్రాహకానికి అతుక్కోగానే లోపల స్టాట్1 అనే ప్రోటీన్ మేల్కొని, కేంద్రకంలోకి వెళ్లి, కణ విభజనను ఆపే జన్యువులనూ, కణం తనంతట తానే చనిపోవడానికి తోడ్పడే కాస్పేస్ ఎంజైముల జన్యువులనూ పనిలోకి దించగలదు. చిక్కేమిటంటే, ఇదే సంకేతం క్యాన్సర్ కణాన్ని టి కణాల దాడి నుంచి కాపాడే పిడి-ఎల్1 అనే కవచాన్నీ పెంచుతుంది. శత్రువుకు డాలు మనమే అందించినట్టు. పెద్దమ్మకు మాత్రం శస్త్రచికిత్స, ఆపై కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ అనే కీమో మందులు ఇచ్చారు.