లప్పం కింద దాగిన చాసిస్ నంబరు

మౌలాలిలోని మా చిన్న షెడ్డులో ఐదు నెలలు కూర్చుని 2005 నాటి బుల్లెట్ 350ని చాపర్‌గా తయారుచేశాను. దాని రిజిస్ట్రేషన్ నిన్ననే మరో ఐదేళ్లకు రెన్యువల్ అయింది. ఒళ్లు నొప్పులు తగ్గాయి గానీ కోపం తగ్గలేదు కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను.

అసలు చాపర్ అంటే ఫ్రేము మెడ (హ్యాండిలు తిరిగే గొట్టం ఉండే చోటు) కోసి, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కును బాగా వాల్చి, పొడవు పెంచాలి. ఆ పని నేను చేయకపోవడం చేతగాక కాదు. ఫోర్కు వాలితే వీల్‌బేస్, అంటే రెండు చక్రాల మధ్య దూరం, పెరుగుతుంది. ఆ కొలత ఆర్సీలో ఉంటుంది. ఆర్సీలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, 6 నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. పైగా ఈ బండికి చాసిస్ నంబరు కొట్టి ఉన్నది ఆ మెడ మీదనే. అందుకని మెడ జోలికి పోకుండా ఎత్తు హ్యాండిలు, చిన్న ట్యాంకు, వెనుక నిలువు కడ్డీ, మెట్టులా దిగే ఇద్దరి సీటుతో సరిపెట్టాను. ఒంటి సీటు పెట్టకపోవడానికి కారణం కూడా ఆర్సీలో రెండు సీట్లని రాసి ఉండటమే. "ఇది చాపర్ కాదన్నా, బాబర్‌కు తమ్ముడు" అని (అనవసరపు భాగాలు తీసేసి పొట్టిగా చేసిన బండిని బాబర్ అంటారు) నవ్వే మిత్రులు ముందు ఆ తీర్పు చదువుకుని తర్వాత నవ్వితే బాగుంటుంది. హ్యాండిలు ఎత్తు పెరిగాక పాత క్లచ్, బ్రేకు, యాక్సిలరేటర్ వైర్లు అందవు. రాణిగంజ్‌లో కొలత ఇచ్చి చేయించుకుంటే ఒక పూట పని.

రంగు మారిస్తే ఆర్సీలో ఎక్కించాలి గనుక పాత నలుపే వేయించాను. ఫ్రేము అద్దంలా ఉండాలని పెయింటర్‌కు మూడుసార్లు చెప్పాను. తప్పంతా ఆ మూడుసార్లలోనే ఉంది.

రెన్యువల్ ఫీజు, స్లాటు ఇంట్లో కూర్చునే ఆన్‌లైన్‌లో అయిపోయాయి. ముందు రాత్రంతా 52వ సెక్షన్ బట్టీపట్టి ఆర్టీవో కార్యాలయానికి వెళ్లాను గానీ, ఇన్‌స్పెక్టర్ గారు హ్యాండిలు వంక కన్నెత్తి కూడా చూడలేదు. వంగి, మెడ మీద బొటనవేలు రాసి, "నంబరేదయ్యా?" అన్నారు. నేనూ వంగి చూశాను. నున్నటి నలుపులో నా ముఖమే కనిపించింది. గరుకు పోవాలని పెయింటర్ అక్కడ లప్పం పూసి, రుద్ది, దాని మీద రంగు కొట్టాడు.

"ఎక్కడ కొన్నావు?"

"మా నాన్నగారి బండి సార్. ఆయన పోయాక నా పేరిట మార్పించుకున్నాను."

"అందరూ అదే చెబుతారు."

డ్రైవింగ్ టెస్టు కోసం వరుసలో నిల్చున్న కుర్రాడొకడు పక్కవాడితో "చోరీ కీ గాడీ హై క్యా?" అన్నాడు. పద్దెనిమిదేళ్లుగా ఇతరుల బండ్లు విప్పి బిగించి, ఒక్క నట్టు కూడా కాజేయని నేను, నా తండ్రి బండి పక్కన దొంగలా తలవంచుకుని నిలబడ్డాను.

సాయంత్రంలోగా నంబరు చూపించమని ఆయన గడువిచ్చారు. బయట టీకొట్టు దగ్గర ఒక ఏజెంటు, గ్రైండరు పెట్టి గీకేస్తే రెండు నిమిషాల్లో తేలుతుందని, లేదంటే ఆరు వేలిస్తే తాను మాట్లాడతానని ఉచిత సలహా ఇచ్చాడు. అలాంటివాళ్ల మాట ఎప్పుడూ వినకండి. నంబరు లోతు చాలా తక్కువ. గ్రైండరు తాకితే లప్పంతో పాటు అంకెలూ పోతాయి, ఆ తర్వాత మీరు దొంగ కాదని ఎవరికీ నిరూపించలేరు. నేను హార్డ్‌వేర్ దుకాణంలో పెయింట్ రిమూవర్ కొని, ఆవరణ బయట వేపచెట్టు కింద కుంచెతో పూసి కూర్చున్నాను. పావుగంటకు రంగు పాలమీది మీగడలా ముడతలు పడి లేచింది. ఇనుముతో గీకడానికి చెయ్యి రాక, ఐస్‌క్రీమ్ పుల్లతో లప్పాన్ని కొద్దికొద్దిగా తోడి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దాను. ఒక్కొక్క అంకే తేలింది. చివరిది మూడో ఎనిమిదో తెలియక మరో అరగంట రుద్దితే ఎనిమిదని తేలాక గానీ గుండె కుదుటపడలేదు. పలుచని కాగితం అదిమి పెట్టి పెన్సిలు అడ్డంగా రుద్దితే నంబరంతా తెల్లగా లేచింది. ఇన్‌స్పెక్టర్ గారు ఆ కాగితాన్ని ఆర్సీ పక్కన పెట్టి చూసి, ఒక్క మాటైనా మాట్లాడకుండా సంతకం పెట్టారు. పొద్దున అన్న మాటను వెనక్కి తీసుకుంటారేమోనని ఒక నిమిషం నిలబడ్డాను. ఆయన తర్వాతి బండి దగ్గరికి వెళ్లిపోయారు.

తుప్పు పట్టకుండా ఆ చోట రంగులేని వార్నిష్ మాత్రం పూసి, ఇనుము కనిపించేలాగే వదిలేశాను. ఈ పొద్దున పెయింటర్ షెడ్డుకు వచ్చి, బండి చుట్టూ తిరిగి, సరిగ్గా మెడ దగ్గర ఆగాడు.

"అన్నా, ఇక్కడ రంగు లేచిపోయింది. కొంచెం లప్పం పెట్టి మళ్లీ కొట్టాల్నా?"